టికెట్లు చింపిన వేళ్లకు రంగు కాగితాలు: తిరుపతిలో డిమెన్షియా పెద్దల కళా తరగతులపై ఒక సమీక్ష

మా నాయన ఆర్టీసీలో ముప్ఫై రెండేళ్లు కండక్టరుగా పనిచేశారు. అందులో ఎక్కువ కాలం తిరుపతి–తిరుమల ఘాట్ బస్సుల్లోనే గడిచింది. ఇప్పుడాయనకు డెబ్బై ఆరేళ్లు. అల్జీమర్స్ వల్ల వచ్చిన డిమెన్షియా, అంటే జ్ఞాపకం, ఆలోచన మెల్లమెల్లగా దెబ్బతినే జబ్బు అని డాక్టర్లు నిర్ధారించి నాలుగేళ్లు కావస్తోంది. మా ఇంటికి ఆటోలో పదిహేను నిమిషాల దూరంలో ఒక డే కేర్ కేంద్రం ఉంది. అక్కడ ఇలాంటి పెద్దల కోసం నడుపుతున్న కళా తరగతులకు గత ఎనిమిది నెలలుగా వారానికి రెండు పూటలు ఆయనను తీసుకెళుతున్నాను. ఇదే అవసరం ఉన్న మరో ఇంటివారికి పనికొస్తుందన్న ఉద్దేశంతో అక్కడి మంచిచెడ్డలు రెండూ రాస్తున్నాను. కేంద్రం పేరు మాత్రం రాయడం లేదు. వచ్చేది పది పన్నెండు మంది కాబట్టి పేరు, వీధి చెబితే అక్కడ కూర్చునేది ఎవరింటి పెద్దలో సగం ఊరికి తెలిసిపోతుంది. ఫలానా వాళ్ల అవ్వకు మతి తప్పిందట అనే మాట పెళ్లి సంబంధాల దాకా పాకడం మనకు కొత్త కాదు. దీన్ని తెలుగులో చిత్తవైకల్యం అని రాసేవాళ్లు కొందరున్నారు. ఆ మాట మా ఇంట్లో ఎవరికీ నోట రాదు, ఇక్కడా రాయను.

ముందుగా వివరాలు చెబుతాను. మంగళ, శుక్రవారాల్లో ఉదయం పది గంటల నుంచి పన్నెండు దాకా తరగతి జరుగుతుంది. నెలకు 3,000 రూపాయలు తీసుకుంటారు. కాగితాలు, రంగులు, మధ్యలో ఇచ్చే రాగిజావ లేదా మజ్జిగ అందులోకే వస్తాయి. రాకపోకలు మాత్రం మనవే. నడిపేది నర్సుగా పనిచేసి రిటైరైన ఒకావిడ. ఆమెకు తోడుగా ఇద్దరు ఆయాలు, బొమ్మలు నేర్పే ఒక అమ్మాయి, శుక్రవారాల్లో మాత్రం సంగీతం చెప్పే ఒక మాస్టారు ఉంటారు. ఉదయం పూటే ఎందుకంటే, ఈ జబ్బు ఉన్నవారిలో చాలామందికి పొద్దు వాలే వేళకు తికమక, చిరాకు పెరుగుతాయి. మా నాయన సాయంత్రం ఐదు దాటితే గేటు పట్టుకుని నిలబడి, డ్యూటీకి టైమైపోతోంది, డిపోకు పోవాల అంటారు. ఆ వేళలో ఆయన ముందు కుంచె పెడితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

మేమెందుకు వెళ్లామో చెప్పకపోతే తక్కిన సమీక్ష అర్థం కాదు. జబ్బు నిర్ధారణలో భాగంగా డాక్టరు గదిలో ముప్ఫై మార్కుల పరీక్ష ఒకటి పెట్టారు: ఇది ఏ సంవత్సరం, ఏ నెల, మనం ఏ ఊళ్లో ఉన్నాం, నేను చెప్పిన మూడు వస్తువుల పేర్లు మళ్లీ చెప్పండి. అది డాక్టర్లకు అవసరమైన పరీక్ష, దాన్ని తప్పుపట్టను. మా బాధ ఏమిటంటే ఆ పరీక్ష ఇంటికి కూడా వచ్చేసింది. చుట్టపుచూపుగా వచ్చిన ప్రతి మనిషీ చెప్పులు విడవక ముందే, నేనెవరో చెప్పు పెద్దాయనా అంటాడు. చెప్పలేకపోతే జాలిగా నావైపు చూస్తాడు, చెబితే చప్పట్లు కొడతాడు. పొద్దున ఏం తిన్నావు, మందు వేసుకున్నావా, ఈ పిల్ల పేరేంది అని ఇంట్లో మేము కూడా తెలియకుండానే రోజుకు ఇరవై సార్లు ఆయనను పరీక్షకు నిలబెట్టేవాళ్లం. ఒకప్పుడు యాభై అరవై మంది ప్రయాణికుల్లో ఎవరు ఎక్కడ ఎక్కారో, ఎవరికి ఎంత చిల్లర బాకీ ఉందో కాగితం చూడకుండా చెప్పిన మనిషి మా ప్రశ్నలకు తల దించుకోవడం మొదలుపెట్టారు. ఆ తర్వాత మాట్లాడటమే తగ్గించారు.

మొదటి రోజు ఆ నర్సమ్మ మాకు చెప్పింది ఒకే ఒక్క నిబంధన. తరగతి జరిగేటప్పుడు ఇంటివాళ్లు గది బయట కూర్చున్నా, లోపల కూర్చున్నా సరే గానీ, 'గుర్తుందా' అన్న మాట మాత్రం ఎవరి నోటా రాకూడదు. ఈ కేంద్రంలో నాకు నచ్చినవాటికన్నింటికీ మూలం ఆ నిబంధనే. నచ్చనివి కూడా, ఇప్పుడు ఆలోచిస్తే, వాళ్లు దాన్ని మరిచిపోయిన సందర్భాల్లో జరిగినవే.

రెండో వారం సంగతి. పందిళ్లకు తోరణాలు కట్టే పల్చని రంగు కాగితాలు బల్ల మీద పరిచారు. వాటిని పట్టీలుగా చింపి చార్టు మీద అంటించి చిలుకను చేయాలని ఏర్పాటు. కత్తెరలు అక్కడ ఇవ్వరు, స్కేళ్లు ఇస్తారు. అంతకుముందు మూడు తరగతుల్లో కుంచె ముట్టుకోకుండా చేతులు కట్టుకుని కూర్చున్న మా నాయన ఆ రోజు స్కేలును మోచేత్తో పక్కకు నెట్టి, గులాబీరంగు కాగితాన్ని పొడవుగా రెండు మడతలు పెట్టి, మడత మీద బొటనవేలి గోటితో ఒక గీత లాగి, ఎడమచేతి వేళ్ల మధ్య బిగించి, కుడిచేత్తో ఒక్క విదిలింపుతో చింపారు. పట్టీ అంచు స్కేలు పెట్టి కోసినంత తిన్నగా వచ్చింది. తర్వాత రెండోది, మూడోది. కాసేపటికి పచ్చవి ఒక వరస, గులాబీవి ఒక వరస, తెల్లవి ఒక వరసగా బల్ల మీద పేర్చేశారు. టికెట్ల ట్రేలో ఒక్కో ధర టికెట్టు ఒక్కో అరలో ఉన్నట్టే ఉన్నాయి. మిగిలిన నాలుగు పట్టీలను పొడవుగా మడిచి ఎడమచేతి వేళ్ల సందుల్లో దోపుకున్నారు. పాతకాలం కండక్టర్లు నోట్లు అలాగే పెట్టుకునేవాళ్లు. రిటైరయ్యాక ఆయన అలా చేయడం నేను చూడలేదు.

బొమ్మల అమ్మాయి తెలివైనది. చిలుకను మీరూ చేయండి అని ఆయనను బలవంతపెట్టలేదు. ఎదురుగా కూర్చున్న అవ్వ చేత, 'పెద్దాయనా, నాకు పచ్చవి పది కావాల' అనిపించింది. నాయన వేలికి తడి చేసుకుని లెక్కపెట్టి ఇచ్చారు. పది అడిగితే తొమ్మిదే ఇచ్చారు, నేను బయటి నుంచి లెక్కపెట్టాను. ఎవరూ దిద్దలేదు. 'ముందుకు జరగండయ్యా, అందరికీ వస్తాది, తోసుకోవద్దండా' అని ఆయన గొంతు లేచేసరికి గది మొత్తం నవ్వింది, ఆయనా నవ్వారు. చిలుక పూర్తయిందో లేదో నాకు గుర్తులేదు.

దీనికి కారణం కొంతవరకు వైద్యశాస్త్రంలో ఉంది. అల్జీమర్స్ సాధారణంగా మెదడులో ముందుగా దెబ్బతీసే చోట్లలో హిప్పోక్యాంపస్ ఒకటి. కొత్త సంగతులను జ్ఞాపకంగా నిలిపేది ఆ భాగమే కాబట్టి పొద్దున తిన్న ఇడ్లీ సాయంత్రానికి మాయమవుతుంది. చేతులు ఏళ్ల తరబడి చేసి నేర్చుకున్న పనులు మెదడులో వేరే భాగాల మీద ఆధారపడతాయి, అవి చాలాకాలం నిలుస్తాయి. పూలు కట్టిన వేళ్లు, మిషను కుట్టిన కాళ్లు, చుక్కలు పెట్టి మెలికల ముగ్గు తిప్పిన చేయి మాటకన్నా ఎక్కువ కాలం మనిషితో ఉంటాయి. అందువల్ల కళా తరగతి అంటే ఎక్కడైనా అందరికీ ఒకే రకం బొమ్మ ఇచ్చి రంగులు నింపమనడం దండగ. చేరే ముందు మా నాయన ఏ పని చేసేవారో, ఏ చేత్తో రాసేవారో, వాళ్ల ఊళ్లో ఏ ఆటలు ఆడేవారో అడిగి రాసుకున్న రెండు పేజీల కాగితం ఈ కేంద్రంలో ఉంది. ఈ ఒక్క విషయంలో వాళ్లకు పూర్తి మార్కులు.

నాకు బాగా నచ్చిన రెండోది కథ అల్లే తరగతి. అమెరికాలో నాటకరంగం నుంచి వచ్చిన ఆన్ బేస్టింగ్ అనే ఆవిడ 1990ల చివర్లో ‘టైమ్‌స్లిప్స్’ అనే పద్ధతిని మొదలుపెట్టారు. జ్ఞాపకాలను తవ్వే పని మానేసి, ఒక వింత బొమ్మ చూపించి ఊహతో కథ చెప్పమనడం దాని పద్ధతి. తప్పు జవాబు అనేదే ఉండదు. ఎవరు ఏమన్నా రాసుకుని, రాసినదాన్ని మళ్లీ చదివి వినిపిస్తారు. ఇక్కడివాళ్లు దాన్ని మన యాసలోకి తెచ్చుకున్నారు. నేను లోపల కూర్చున్న రోజు బస్సు ఫుట్‌బోర్డు మీద నిలబడిన మేక ఫొటో ఒకటి చూపించారు. ఇది ఎక్కడికి పోతోంది అని అడిగింది నర్సమ్మ. జాతరకు, గంగమ్మ మొక్కుబడి మేక అని ఒక అవ్వ అన్నారు. దానికి ఆ సంగతి తెలుసా అని అడిగితే, తెలుసు, అందుకే లోపలికి రాకుండా మెట్టు మీదనే నిలబడింది అని ఇంకొకాయన అన్నారు. మా నాయన అప్పటిదాకా ఫొటోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూస్తున్నారు. 'అర టికెట్టు కుదరదు. మేకకు లగేజీ కొట్టాల' అన్నారు. డబ్బులెవరిస్తారు అంటే, 'మేకను అడుగు'. చివరికి ఆ మేక డబ్బులివ్వకుండా రేణిగుంటలో దిగి పారిపోయింది. జాతరలో బైరాగి వేషం వేసుకుని తిరిగింది కాబట్టి ఎవరూ పట్టుకోలేకపోయారు. ఆ కథను చెప్పినవాళ్ల మాటల్లోనే, 'కొట్టాల'ను 'కొట్టాలి' అని దిద్దకుండా, పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించారు. మా అమ్మ దాన్ని ఫోనులో ఫొటో తీసుకుని మా అత్తకు చదివి వినిపించింది. ఆయన గురించి డాక్టర్ల మాటలు కాక వేరే కబురు ఒకటి ఆమె చెప్పడం చాలా నెలల తర్వాత అదే.

సంగీతం దగ్గరికొస్తే నా అభిప్రాయం మిశ్రమంగా ఉంది. మాస్టారు 1959లో మొదలైన మన ఎస్.వి. సంగీత నృత్య కళాశాలలో చదువుకున్నవారు, గొంతు మంచిది, ఓపిక అంతకన్నా మంచిది. తిరుచానూరు వైపు నుంచి వచ్చే ఒకావిడ ఇంట్లో రెండు మాటలు కలిపి మాట్లాడరట. ఆయన అన్నమయ్య కీర్తన పల్లవి అందుకుంటే ఆవిడ చరణం పాడేస్తారు, మాట తప్పదు, తాళం తప్పదు. నేను చూసిందే చెబుతున్నాను. పాట, లయ మెదడులో చాలా చోట్ల అల్లుకుని ఉండటం వల్ల జబ్బు ముదిరినా అవి మిగిలి ఉండటం అరుదేమీ కాదు. సంగీతం మీద జరిగిన పరీక్షలన్నింటినీ కలిపి 2018లో, వైద్య పరిశోధనలను జల్లెడపట్టే కోక్రేన్ సంస్థ చేసిన సమీక్ష కూడా, కనీసం ఐదు తరగతులైనా జరిగితే దిగులు లక్షణాలు తగ్గే అవకాశముందని చెప్పింది. కుదురులేకపోవడం, ఎదురు తిరగడం వంటివాటిలో మాత్రం పెద్దగా తేడా కనిపించలేదని అదే సమీక్ష చెప్పింది. బొమ్మలు గీయించే చికిత్స మీద అదే ఏడాది వచ్చిన మరో కోక్రేన్ సమీక్షకు లెక్కలోకి తీసుకోదగిన పరీక్షలు రెండే దొరికాయి, రెండింటిలో కలిపి అరవై మంది. ఏ నిర్ణయానికైనా అవి చాలవు. బొమ్మలు వేస్తే జ్ఞాపకశక్తి తిరిగొస్తుందని ఎవరైనా కరపత్రంలో వేస్తే ఈ లెక్క గుర్తుచేసుకుంటే చాలు. ఈ కేంద్రం అలాంటి మాట ఎన్నడూ అనలేదు.

ఇక మిశ్రమం అన్నది ఇందుకు. తిరుపతిలో పుట్టి పెరిగిన ప్రతి ముసలివాడికీ భక్తి పాటలే కావాలన్న నమ్మకం అక్కడ గట్టిగా ఉంది. మా నాయన ఆ పాటలకు కదలరు. ఆయన ఊరు పాకాల వైపు పల్లె. చిన్నప్పుడు ద్రౌపదమ్మ గుడి దగ్గర పద్దెనిమిది రోజులు భారతం జరిగితే మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం చూసిన మనిషి. ఆఖరి రోజు మట్టితో చేసి పడుకోబెట్టిన దుర్యోధనుడి విగ్రహం చుట్టూ భీముడు ఎగిరితే జనం ఎలా అరిచేవారో నాకు ఎన్నోసార్లు చెప్పారు. ఈ మాట నేను రెండు నెలలు మాస్టారి చెవిలో వేసిన తర్వాత ఒక శుక్రవారం ఆయన హార్మోనియం మీద నాటకం వరసలో ఒక పద్యం ఎత్తుకున్నారు. నాయన కుర్చీలో ముందుకు జరిగి కూర్చుని, రాగం తీసిన చోటల్లా 'భళీ' అన్నారు. అంతకుముందు ఆ తరగతికి వచ్చే ఒక ముస్లిం పెద్దాయన, దర్జీ పని చేసినవారు, భజన జరిగినంతసేపూ గోడవైపు చూస్తూ కూర్చునేవారు. రెండు నెలలకు రావడం మానేశారు. ఆయనకు ఒక సూది, దారం, నాలుగు గుడ్డముక్కలు ఇచ్చి చూడవలసింది. అంచులు కుట్టిన రంగు గుడ్డలతో గోడకు ఎంత అందమైన తెర తయారయ్యేదో! సూది అపాయం అంటారు, నిజమే, పక్కన ఒక మనిషి కూర్చుంటే సరిపోయేది. ఆయన మానేసిన విషయం నర్సమ్మను అడిగితే, ఇంట్లో ఇబ్బందులట అన్నారు. ఈ తరగతుల మీద నాకున్న ఫిర్యాదుల్లో ఇదే పెద్దది.

శ్రీకాళహస్తి నుంచి కలంకారీ కళాకారుడిని ఒకసారి పిలిపించారు. తిరుపతికి నలభై కిలోమీటర్ల లోపు దూరంలో ఇంత గొప్ప విద్య ఉన్నప్పుడు పిలిపించడం సరైన ఆలోచనే. కరక్కాయ, గేదెపాలలో నానబెట్టి ఆరేసిన బట్ట, చింతబరికలను కాల్చి చేసిన బొగ్గు, గుడ్డ చుట్టిన వెదురు కలం, ఇనుప ముక్కలతో పాటు బెల్లం నీళ్లు పులియబెట్టిన నల్లరంగు, అన్నీ బల్ల మీద పెట్టారు. ఆ పులిసిన నీళ్లు కరక్కాయ పట్టిన బట్టకు తగలగానే గీత నల్లబడుతుంది. ఆ మార్పు చూస్తూ మా నాయన పక్కన కూర్చున్న ఆవిడ గీసిన గీత మీదే నాలుగుసార్లు గీశారు. ఆ రంగు వాసనకు ఒకరు ముక్కు మూసుకుని, కల్లు దుకాణమా ఇది అన్నారు. నాయనకు వాసనే తెలియలేదు. ఈ జబ్బులో వాసన పసిగట్టే శక్తి చాలామందికి ముందే తగ్గిపోతుంది, అది తెలిసినదే అయినా ఆ రోజు చూస్తుంటే నాకు మనసు చివుక్కుమంది. ఇంతవరకు బాగానే నడిచింది. ఆ తర్వాత నెమలి బొమ్మ ముందే అచ్చువేసిన బట్టలు పంచి, గీత దాటకుండా రంగు నింపమన్నారు. గీత దాటితే ఆయా కలం లాక్కుని తానే సరిదిద్దింది. నలభై నిమిషాల తర్వాత పది నెమళ్లూ ఒకేలా ఉన్నాయి, అన్నీ ఆయా వేసినవే. అవే తర్వాత సెప్టెంబరు 21న, ప్రపంచ అల్జీమర్స్ దినం నాడు, గోడకు కట్టి అతిథులకు చూపించారు. మేక కథ కాగితాన్ని ఆ రోజు గోడ మీద నుంచి తీసేశారు. బాగా లేదనుకున్నారేమో.

ఆ కార్యక్రమంలోనే ఇంకొకటి జరిగింది. పెద్దల ఫొటోలు తీసి, ఎవరినీ అడగకుండా, సిబ్బందిలో ఒకరు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టారు. మా మేనమామకు ఆ విధంగా మా నాయన జబ్బు సంగతి తెలిసింది. నేను అడిగితే తీసేశారు, క్షమాపణ కూడా చెప్పారు. ఇప్పుడు చేరేటప్పుడే ఫొటోలకు ఒప్పుకుంటున్నారా లేదా అని సంతకం తీసుకుంటున్నారు. చేరేవాళ్లు ఆ గడిలో ఏముందో చదివి పెట్టాలి.

చిన్న చిన్న లోపాలు కొన్ని ఉన్నాయి. కొత్తగా వచ్చిన ఆయా ఒకామె అందరినీ 'బంగారుకొండ', 'బుజ్జి తాత' అని పిలుస్తుంది. డెబ్బై ఆరేళ్ల మనిషి బుగ్గ గిల్లడం ముద్దు కాదని చెప్పవలసి వచ్చింది. 'కండక్టర్ సార్' అని పిలిచిన రోజు మా నాయన లేచి నిలబడి సమాధానం చెబుతారు, ఆ తేడా చూసి కూడా నేర్చుకోరేమిటో! గదిలో ఫ్యాన్ల చప్పుడు ఎక్కువ. వినికిడి తగ్గినవారికి ఆ మోతలో మాట అందదు. మరుగుదొడ్డికి రెండు మెట్లు ఎక్కాలి, పట్టుకోవడానికి కడ్డీ ఒకవైపే ఉంది. తెల్లని బల్ల మీద తెల్లని బియ్యప్పిండితో ముగ్గు పెట్టమన్న రోజు సగం మందికి పిండే కనిపించలేదు. రంగుల మధ్య తేడా పసిగట్టడం ఈ జబ్బులో తగ్గుతుంది కాబట్టి కింద ఎర్రమన్ను పలకో, ముదురు రంగు గుడ్డో వేయాలి. చెప్పిన మరుసటి వారమే వేశారు, ఆ మెచ్చుకోలు వాళ్లకు దక్కాలి. పిండిని ఎంచుకోవడం కూడా సబబే. మార్కెట్లో దొరికే రంగుల ముగ్గుపొడి నోట్లో పెట్టుకుంటే ప్రమాదం, బియ్యప్పిండి తిన్నా ఫరవాలేదు.

ఇంట్లో ఏమైనా మారిందా అని అడుగుతారు కదా. జబ్బు ఆగలేదు. ఈ ఎనిమిది నెలల్లో నా పేరు ఆయన నోట రావడం ఇంకా తగ్గింది. మంగళ, శుక్రవారాల సాయంత్రాలు గేటు దగ్గరి గొడవ తగ్గుతోందని మా అమ్మ గట్టిగా అంటుంది. నేను క్యాలెండరులో రాసుకున్న గుర్తులు చూస్తే అంత స్పష్టంగా లేదు. కొన్ని వారాలు తగ్గింది, కొన్ని వారాలు లేదు. అమ్మ మాటలో ఒక నిజముంది, ఆ రెండు పూటలు ఆమె నిద్రపోతుంది. ఈ సేవకు మేము కట్టే డబ్బులో సగం విలువ అక్కడే తీరిపోతోంది. మన దేశంలో అరవై ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన అంచనా. వాళ్లలో ఎక్కువమంది పక్కన మా అమ్మలాంటి ఒక మనిషి ఉంటుంది.

ఒక రోజు మాత్రం చెప్పి తీరాలి. జూలైలో అనుకుంటాను, ఏదైనా గీయమని తెల్ల కాగితం, బొగ్గుముక్క ఇచ్చారు. మా నాయన చాలాసేపు ఏమీ గీయలేదు. తర్వాత కింది నుంచి పైకి వంపులు తిరుగుతూ ఒక గీత, పక్కనే పై నుంచి కిందికి ఇంకొక గీత వేశారు. పాములు అనుకుంది బొమ్మల అమ్మాయి, పైకి అనలేదు. ఇవేమిటో చెబుతారా సార్ అని మాత్రం అడిగింది. 'ఇది ఎక్కేది. ఇది దిగేది' అన్నారు. ఎక్కే బస్సులన్నీ 1974లో వేసిన రెండో ఘాట్ రోడ్డులో పోతాయి, దిగేవి 1944 నాటి పాత రోడ్డులో వస్తాయి. కొండకు పోయొచ్చిన ఎవరికైనా తెలిసిన సంగతే. ఆయన ఉద్యోగంలో చేరేనాటికి కొత్త రోడ్డుకు ఏడాది వయసు. ఆ కాగితం మా ఇంట్లో ఉంది. గీతలు ఎక్కడా కలవలేదు, దిగే రోడ్డుకు వంపులు ఎక్కువగా వేశారు.

చేరాలనుకునేవారికి నాకు తెలిసినంతలో నాలుగు మాటలు. జబ్బు తొలి, నడిమి దశల్లో ఉన్నవారికి ఇది సరిపోతుంది. మంచం మీద ఉన్నవారికి, జనం చూస్తే భయపడేవారికి ఈ గుంపు తరగతి పెట్టొద్దు. వాళ్లకు ఇంట్లోనే ఒక పాట, ఒక పూలబుట్ట మేలు. ముందు ఒక తరగతి మీరు కూర్చుని చూడనిస్తారా అని అడగండి, ఒప్పుకోని చోట చేర్చకండి. చూసేటప్పుడు గోడకు కట్టిన బొమ్మల్ని కాక, ఎవరైనా గీత తప్పినప్పుడు సిబ్బంది చేతులు ఏం చేస్తాయో చూడండి. మొదటి మూడు తరగతుల్లో మనిషి ఏమీ ముట్టుకోకపోయినా మానిపించవద్దు, మా ఇంట్లో నాలుగో తరగతికి కదలిక వచ్చింది. మీ ప్రాంతంలో ఇలాంటివి ఎక్కడున్నాయో తెలియకపోతే వయోవృద్ధుల కోసం కేంద్రప్రభుత్వం పెట్టిన 14567 నంబరుకు ఫోన్ చేసి అడగవచ్చు, డబ్బులు పడవు.

మొత్తం మీద ఐదుకు మూడున్నర ఇస్తాను. ఆ దర్జీ పెద్దాయన తిరిగొస్తే నాలుగు. వచ్చే మూడు నెలలకు కూడా మొన్ననే 9,000 రూపాయలు కట్టాను. రసీదు అడిగితే, పుస్తకం అయిపోయింది, వచ్చే వారం ఇస్తామన్నారు. టికెట్టు చింపి చేతికివ్వకుండా రూపాయి సంచిలో వేయని మనిషి పక్కనే నిలబడి ఉన్నారు కాబట్టి, ఆయన వినకుండా సరేనన్నాను.